బయల్దేరిన చోటికే

మార్చి 4

ఒరేయ్ చిన్నోడా,

నీకొక అక్క ఉందన్న సంగతి గుర్తుందా, మరిచావా? వెళ్లినవాడివి వెళ్లినట్టే, ఒక్క ముక్క లేదు. ఫోన్ తెరిస్తే మనిషి ఎక్కడున్నాడో అవతలివాళ్లు కనిపెట్టేస్తారని మీ కమాండరు ఫోన్లు లాక్కున్నాడట, సరే. కాగితం మడత విప్పితే ఎవరూ కనిపెట్టరు కదా! పోస్టులో వేస్తే దారిలో విప్పి చదువుతారని, మా ఆఫీసు సామాను మీ వైపు మోసే వ్యాను డ్రైవరు చేతికి ఇస్తున్నాను. నీ జవాబు తేకపోతే ఇంకోసారి టీ కూడా ఇవ్వనని చెప్పాను. పాపం, భయపడ్డాడు.

ఇక్కడంతా మామూలే. వేళ్లకి పని చెప్పమని డాక్టరు అన్నాడని మీ బావ ఊలు అల్లడం మొదలుపెట్టాడు. సోఫా మీద, మంచం మీద, నా ఫైళ్ల మీద ఎక్కడ చూసినా దారాలే. అల్లింది ఏమిటని అడిగితే మాత్రం చెప్పడు, బహుశా ఆయనకీ తెలియదు.

నా ఉద్యోగం సంగతి నీకు తెలిసిందే. సైన్యం ఏది కొన్నా అది ఎలా ఉండాలో నిబంధనలు రాయడం. ఇన్నాళ్లూ బూట్లకీ గుడారాలకీ రాశాను. ఇప్పుడు డ్రోన్ల విభాగంలో పడేశారు. పెళ్లిళ్లలో డ్రోన్ ఎగరేసి ఫొటోలు తీసుకునేవాడివి నువ్వు యుద్ధంలో ఎగరేస్తున్నావు. జన్మలో డ్రోన్ ముట్టుకోని నేను అది ఎలా ఉండాలో రాస్తున్నాను. అమ్మ ఉండి ఉంటే పగలబడి నవ్వేది.

అందుకే అడుగుతున్నాను, అక్కడ ఏం ఇబ్బందిగా ఉందో దాచకుండా రాయి. మా డైరెక్టరు గారి చెవిలో ఊదేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు చెప్పడానికి నువ్వొక్కడివే ఉన్నావు.

వేళకి తిను. తల బయట పెట్టకు.

అక్క

—

మార్చి 21

అక్కా,

తిట్లన్నీ అందాయి. డ్రైవరు నా పక్కనే నిలబడి, జవాబు రాస్తే గానీ కదలనంటున్నాడు. ఏం మంత్రం వేశావే వాడికి?

మేముండేది ఒక పాడుబడ్డ పిండిమిల్లు కింద నేలమాళిగలో. ఎక్కడ చెయ్యి వేసినా పాత పిండి అంటుకుంటుంది. నేనూ, మాస్టారూ ఒక జట్టు. మాస్టారంటే నిజం మాస్టారే, బడిలో భూగోళం చెప్పేవారు. నేను డ్రోన్ కెమెరా బొమ్మ చూపించే కళ్లజోడు తగిలించుకుని దాన్ని నడుపుతుంటే, ఆయన మ్యాపు ముందేసుకుని "ఎడమకి తిప్పు నాయనా, ఆ చెట్ల వరస దాటావంటే గోడకుర్చీ వేయిస్తాను" అంటారు. సాయంత్రాలు వాళ్లావిడకి ఉత్తరం రాసుకుంటారు. ఆవిడ కుట్టుపని చేస్తుందట. ఈయన చొక్కా గుండీలన్నీ రెండేసి సార్లు కుట్టి పంపింది, అవి ఊడకపోవడం ఆయనకి పెద్ద గర్వం.

ఇబ్బంది అడిగావు కదా. అవతలివాళ్లు సిగ్నల్ జామ్ చేస్తారు. కళ్లజోడులో బొమ్మ కాస్తా బూడిదై పోతుంది, డ్రోన్ ఎక్కడో కూలుతుంది. అది పోయినందుకు బాధ లేదు, దాని వెనక వచ్చే విచారణ ఉంది చూడు, తల ప్రాణం తోకకొస్తుంది. ఎందుకు పోయింది, ఎవరి అజాగ్రత్త, ఇదివరకెప్పుడైనా పోగొట్టావా! పెళ్లికూతురి కేకు మీద డ్రోన్ పడేసిన రోజున కూడా నన్నిన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదు. మొన్న మాస్టారిని పిలిపించి అందరి ముందూ నిలబెట్టి అడిగారు. అంత పెద్దాయన తల దించుకుని నిలబడితే నాకు ఏడుపొచ్చింది.

మీవాళ్లతో చెప్పు, ఏం జరిగినా దానంతటదే ఇంటికొచ్చే డ్రోన్ ఒకటి కొనమని. అప్పుడు మాస్టారు ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు.

ఇంకొకటి, ఇక్కడ నేల చల్లన. కాళ్లు మొద్దుబారిపోతున్నాయి.

నీ చిన్నోడు

—

మే 2

చిన్నోడా,

నీ ఉత్తరం బావకి చదివి వినిపిస్తూ, మాస్టారు తల దించుకున్నారన్న చోట ఆగిపోయాను. మిగతాది ఆయనే చదువుకున్నాడు.

నీకొక కానుక వస్తోంది. నువ్వు అడిగిందే, నా చేతి పనే. ఏమిటంటే మాత్రం చెప్పను. సెలవులో నువ్వొచ్చి నా ఎదురుగా కూర్చున్నప్పుడు, నీ మొహం చూస్తూ చెప్పాలని ఉంది. పెద్దదాన్నయ్యానే గానీ ఈ సరదా చావలేదు నాకు.

ఆఫీసులో గొంతు చించుకోవడమే సరిపోతోంది. మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చేసరికి మీ బావతో సైగలే. ఆయనకి హాయిగా ఉందట!

ఈ ఉత్తరంతో పాటు చిన్న పార్శిల్ ఉంది, జాగ్రత్తగా విప్పు.

అక్క

—

జూన్ 9

అక్కా,

నీ కానుక అందింది. ఇంత వెచ్చటి మేజోళ్లు నా జన్మలో తొడగలేదు! ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితేనేం, నీ చేత్తో అల్లావు. మాస్టారు ఒకసారి తొడుక్కుని చూస్తానని తీసుకుని మళ్లీ ఇవ్వడం లేదు. గురుదక్షిణ అట.

ఇంకో మంచి కబురు. మీ ఆఫీసువాళ్లకి బుద్ధొచ్చింది. అదే వ్యానులో కొత్త డ్రోన్లు వచ్చాయి. సిగ్నల్ పోయిందంటే చాలు, దానంతటదే వెనక్కి తిరిగి, సరిగ్గా బయల్దేరిన చోటికే వచ్చి వాలుతుంది. మేము దానికి అల్లుడని పేరు పెట్టాం. ఎక్కడ తిరిగినా, ఏం చేసినా, వేళకి ఇంటికొచ్చి కూర్చుంటాడు కదా! నిన్న మిల్లు వెనక పెరట్లో అది దిగుతుంటే మాస్టారు ఎదురెళ్లి "రండి అల్లుడుగారూ, ప్రయాణం బాగా జరిగిందా?" అని పలకరించారు. నవ్వలేక చచ్చాం.

విచారణలు లేవు, సంజాయిషీలు లేవు. ఇది ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, వాళ్లు చల్లగా ఉండాలి.

నీ చిన్నోడు

—

జూన్ 27

ఒరేయ్ నాయనా,

మేజోళ్లు వెచ్చగా ఉన్నాయన్నావు, అంతే చాలు. అల్లింది మీ బావ. పేరు నాకొచ్చిందని మూతి ముడుచుకుని తిరుగుతున్నాడు.

నీ అల్లుడి కథ చదివి నాకు ఒళ్లు పొంగిపోయింది. ఆ డ్రోన్‌ని పరీక్షించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఊరవతల పెద్ద మైదానం. నేల మీద సున్నంతో గుండ్రంగా గీత గీశారు. డైరెక్టరు గారు గొడుగు కింద కుర్చీలో. డ్రోన్ అంత దూరం వెళ్లాక సిగ్నల్ కట్ చేశారు. ఇది ఒక్క క్షణం గాలిలో నిలబడింది, తల తిప్పింది, వచ్చి గీత మధ్యలో వాలింది. అందరూ చప్పట్లు. మైదానం చుట్టూ కాపలా తప్ప చీమ కూడా లేదు.

ఈ గుణం పెట్టించడం అంత తేలిక కాలేదు. మా ఆఫీసులో ఒకరు పట్టుబట్టారు. "తిరిగొచ్చే గుణాన్ని ఆపే స్విచ్చి ఇస్తే సైనికులు దాన్ని నొక్కి మళ్లీ డ్రోన్లు పోగొడతారు" అని లెక్కలవాళ్లు అడ్డుపడ్డారు. అయితే ఎవరూ ఆపడానికి వీల్లేకుండా తాళం వేయిద్దామని ఆ మనిషే అన్నారు. దాంతో నోళ్లు మూతపడ్డాయి. ఇక ముందు కొనే ప్రతి డ్రోన్‌కీ ఇదే నిబంధన. సిగ్నల్ పోయినచో బయల్దేరిన చోటికే తిరిగి రావలెను. చూడు, ఎంత బాగుందో!

ఆ ఒకరు ఎవరని అడగకు. సెలవు ఎప్పుడిస్తారో అది చెప్పు.

అక్క

—

ఆగస్టు 5

అక్కా,

పక్క ఊళ్లో ఉండే ఇంకో జట్టువాళ్ల ఇల్లు బాంబు పడి లేచిపోయింది. లోపల ఉన్నవాళ్లలో ఎవరూ మిగల్లేదు. ఎలా కనిపెట్టారా అని తలలు బద్దలు కొట్టుకున్నాం. రెండు రోజుల కిందట మాకూ అదే జరగబోయి తప్పింది. మిల్లు వెనక గోడ మాత్రం కూలింది. అప్పుడు అర్థమైంది.

వాళ్లు ఎత్తున ఒక నిఘా డ్రోన్ పెట్టి, కింద సిగ్నల్ జామ్ చేస్తున్నారు. మనది బుద్ధిమంతుడిలా తల తిప్పుకుని ఇంటికి బయల్దేరుతుంది. వాళ్లది తీరిగ్గా దాని వెనకాలే వస్తుంది. మనది ఎక్కడ దిగితే అక్కడే మేముంటామని వాళ్లకి తెలుసు. వాళ్లు మమ్మల్ని వెతకక్కర్లేదు. మన అల్లుడే చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నాడు.

ఆపుదామంటే తాళం. మా మెకానిక్కు విప్పుతానన్నాడు. సీలు పగిలితే కేసు పెడతారని కమాండరు వద్దన్నాడు. ఎగరేయడం మానేద్దామంటే, ముందు కందకాల్లో ఉన్నవాళ్లకి మేమే కళ్లు. ఇప్పుడు డ్రోన్ తిరిగొస్తున్న చప్పుడు వినిపిస్తే మేమిద్దరం ఊపిరి బిగబట్టి పైకప్పు వంక చూస్తూ కూర్చుంటున్నాం. మాస్టారు ఇప్పుడు దాన్ని పలకరించడం లేదు.

మీ ఆఫీసులో పట్టుబట్టాడే ఒకడు, వాడి చేతులు పడిపోను! చప్పట్లు కొట్టించుకున్నాడు కదా. ఒక్కసారి వాణ్ణి తీసుకొచ్చి మా మధ్యలో కూర్చోబెట్టి ఆ చప్పుడు వినిపించాలి. నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను. వాడి సీటు దగ్గరికెళ్లి, నా మాటగా ఇది చదివి వినిపించు. పుణ్యం కట్టుకో.

చిన్నోడు

—

ఆగస్టు 14

చిన్నోడా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీదే చదివాను. అక్కడే కూర్చుండిపోయాను. ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు.

నువ్వు చెప్పినట్టే ఆ మనిషికి చదివి వినిపించాను. అన్నం మానేశారని వాళ్లింట్లో వాళ్లు అంటున్నారు.

డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుంటూ, "ఒక్క ఉత్తరం పట్టుకుని నిబంధన మార్చలేమమ్మా, మళ్లీ కమిటీ కూర్చోవాలి, కంపెనీవాళ్లు ఒప్పుకోవాలి, మళ్లీ పరీక్ష జరగాలి" అన్నారు. పోయిన డ్రోన్ల సంఖ్య ఎంత తగ్గిందో చూపించే బోర్డు ఆయన వెనక గోడకి వేలాడుతోంది. పోయిన మనుషుల సంఖ్య ఏ గోడ మీద ఉందండీ అని అడిగాను. బయటికి వెళ్లమన్నారు.

నేను కమిటీని వదలను. ఈలోగా నా మాట విను. అది బయల్దేరిన చోటికే వస్తుంది కదా, మీరు దాన్ని మిల్లు దగ్గర ఎగరేయకండి. దూరంగా, మనుషులు లేని చోటికి మోసుకెళ్లి అక్కడ ఎగరేయండి. అప్పుడు వాళ్లు వచ్చినా అక్కడికే వస్తారు. మాస్టారికి కూడా చెప్పు. ఒట్టేసి చెప్పు, చేస్తానని.

నీ మీద బెంగతో,
అక్క

—

సెప్టెంబరు 12

అక్కా,

నీ ఉపాయం బాగానే పనిచేసింది. మిల్లుకి ఏమీ కాలేదు. నాకు గీత కూడా పడలేదు.

కాలవ అవతల ఒక పంపుషెడ్డు ఉంది. మాస్టారు డ్రోన్ అక్కడికి మోసుకెళ్లి ఎగరేసేవారు, ఎగరేసి వెంటనే వచ్చేసేవారు. నేను మిల్లులో కూర్చుని నడిపేవాణ్ణి. "మీ అక్కయ్యకి మ్యాపు చదవడం వచ్చునోయ్" అని నిన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ రోజు ఇంకో డ్రోన్‌కి బ్యాటరీ బిగించాలని అక్కడే ఆగిపోయారు.

నాకు సిగ్నల్ పోయింది. డ్రోన్ వెనక్కి తిరిగింది. దారిలో బొమ్మ మళ్లీ వచ్చింది గానీ, ఒకసారి ఇంటి దారి పట్టాక నేలకి దిగేదాకా అది నా మాట వినదు. నేను ఎటు తిప్పినా అది పంపుషెడ్డుకే పోతోంది. కళ్లజోడులో అన్నీ కనిపిస్తున్నాయి అక్కా. కాలవ, షెడ్డు రేకు కప్పు. మాస్టారు బయటికొచ్చి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు. నేను అరుస్తున్నాను. అంత దూరానికి ఎలా వినబడుతుంది? ఆయన చెయ్యి ఊపారు. డ్రోన్ ఆయన కాళ్ల దగ్గర దిగింది. ఆ మేజోళ్లు కనిపించాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆ తర్వాత బొమ్మ రాలేదు.

చొక్కా గుండీలు మాత్రం ఊడలేదు. అవి చూసే పోల్చుకున్నాం.

నేనిక తిట్టను. తిట్టే ఓపిక లేదు. ఆ నిబంధన రాసినవాడి పేరు ఏమిటో అది ఒక్కటే రాసి పంపు.

—

సెప్టెంబరు 20

చిన్నోడా,

ఆ పేరు నీకు తెలుసు. చిన్నప్పుడు నీ పలక మీద నువ్వు మొదట రాసింది ఆ పేరే. అది నేనేరా.

నీకు పంపిన కానుక మేజోళ్లు కాదు. అదే. "ఒకరు పట్టుబట్టారు" అని రాసినప్పుడు నేను నా సీట్లో కూర్చుని మురిసిపోతూ రాశాను. పోగొట్టుకోవడం కుదరని డ్రోన్ కావాలన్నావు, మాస్టారు తల దించుకోకూడదన్నావు. నీ తప్పు అనడం లేదు, ఒక్క రవ్వ కూడా అనుకోకు. తమ్ముడు అడిగాడని మురిపెంగా పరిగెత్తాను గానీ, అది ఇంటికొచ్చేటప్పుడు వెనకాల ఎవరొస్తారని ఒక్కసారి ఆలోచించలేదు. ఆ మైదానంలో శత్రువు లేడు కదా మరి! నువ్వు నాకు రాసిన శాపనార్థం నేనే పైకి చదువుకున్నాను. ఆ చేతులే ఇవి, ఇంకా పడిపోలేదు, వీటితోనే రాస్తున్నాను.

పంపుషెడ్డు మాట చెప్పింది కూడా నేనే. అది నిన్ను కాపాడింది. అందుకు నాకు సంతోషం కలిగింది, చిన్నోడా. నీ ఉత్తరం చదువుతూ, నీకేమీ కాలేదన్న మాట దగ్గర సంతోషించాను. ఆ తర్వాతే మాస్టారి సంగతి చదివాను. ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

ఈ వ్యానులోనే తాళం తీసే పద్ధతి రాసిన ఆదేశం వస్తోంది, అన్ని జట్లకీ. డైరెక్టరు గారు సంతకం పెట్టలేదు. నేను పెట్టాను. సీలు పగలగొట్టినందుకు మీ మీద కేసు రాదు, దాని మీద ఉన్నది నా పేరు. నన్ను నిన్ననే సీట్లోంచి లేపారు. ఇక నుంచి సంజాయిషీలు రాయడం నా వంతు.

నాకు జవాబు రాయాలనిపిస్తేనే రాయి. కానీ తాళం మాత్రం ఈ రోజే తీయించు.

అక్క

—

అక్టోబరు 30

తాళం తీశాం. అన్ని జట్లవాళ్లూ తీశారు. నిన్న ఒక డ్రోన్ వెళ్లింది. సిగ్నల్ పోయింది. అది తిరిగి రాలేదు. నేనూ, కొత్తగా వచ్చినాయనా చాలాసేపు పైకప్పు వంక చూస్తూ కూర్చున్నాం. రాలేదని తేలాక ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. డ్రోన్ ఎందుకు పోయిందో సంజాయిషీ ఇమ్మన్నారు. రావొద్దని మా అక్క చెప్పిందని రాసిచ్చాను.

డ్రైవరు ఇన్నిసార్లు వచ్చినా జవాబు ఇవ్వకుండా తిప్పి పంపాను. వాడికి టీ ఇవ్వడం మానకు, తప్పు వాడిది కాదు.

కోపం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. ఉందని రాద్దామని కూర్చుంటే, డ్రోన్ కొనమని అడిగింది నేనే అని గుర్తొస్తుంది. పెన్ను పక్కన పెట్టేస్తున్నాను. ఇలా ఎన్ని కాగితాలు పాడుచేశానో.

సెలవు ఇచ్చారు. ఇంటికి రాను. నాకు తిరిగి రావడమంటేనే భయమేస్తోంది. కాలవ దాకా వెళ్లొస్తున్నా వెనక్కి వెనక్కి చూసుకుంటున్నాను. మాస్టారి వస్తువులు వాళ్లావిడకి ఇచ్చి రమ్మని కమాండరు చెప్పాడు, అక్కడికి మాత్రం వెళ్లాలి. పంపుషెడ్డు దగ్గర ఆయన ఎందుకున్నారని ఆవిడ అడుగుతుంది. ఏం చెప్పాలో నువ్వే రాసి పంపు. ఏ కమిటీ అయినా ఒప్పుకునేలా రాయడం నీకు వచ్చు కదా.

—

నవంబరు 3

చిన్నోడా,

నువ్వు అడిగింది రాద్దామని కూర్చున్నాను. ఎలా రాసినా తప్పు ఎవరిదీ కాదన్నట్టే వస్తోంది. ఇన్నేళ్లూ అలా రాయడమే కదా నేర్చుకున్నది. అన్నీ చింపేశాను. రాయను.

డ్రైవరుని బతిమాలి మాస్టారి ఇల్లు ఎక్కడో కనుక్కున్నాను. వాళ్ల ఊళ్లో బజారు దాటాక రెండో సందు, కింద కుట్టుమిషన్ల కొట్టు, పైన వాళ్లిల్లు. మీ బావ కూడా వస్తానన్నాడు. వద్దన్నాను. నువ్వు ఇంటికి రావొద్దు. నాతో మాట్లాడకపోయినా సరే, నన్ను చూడకపోయినా సరే. నీ సెలవు మొదలైన రోజున నేరుగా ఆ సందు మొదట్లోకి రా. మాస్టారి వస్తువులు నీ చేతిలోనే ఉంచుకో, అవి ఇవ్వాల్సింది నువ్వే.

ఆయన అక్కడెందుకున్నారని ఆవిడ అడగకముందే నేను చెప్తాను. నువ్వు మెట్ల కింద నిలబడు. తలుపు నేను కొడతాను.

అక్క